ఏటి ఇసుకలో రెండో క్రిస్మస్

నవంబరు ఆఖరులో మమ్మల్ని పోస్టులో దించారు. ఎరిత్రియా దేశం, దక్షిణపు అంచు. తెల్లరంగు పూసిన లారీ సముద్రం ఒడ్డు నుంచి వేకువనే బయలుదేరి, సాయంత్రం నాలుగింటికి పీఠభూమి మీదికి ఎక్కింది. కింద ఉడికిపోయాం. పైన పళ్లు టకటకలాడాయి. గాలి పలచన. రెండు పెట్టెలు మోస్తే ఆయాసం వచ్చేది. ఎటు చూసినా ఎర్రటి రాళ్లు, నాగజెముడు పొదలు, కోత అయిపోయిన జొన్నచేలు. నాకు నవ్వాగలేదు.

"ఏంటి కడపా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అన్నాడు డ్రైవర్.

"జమ్మలమడుగులో దిగినట్టుంది. ఈ మాత్రానికి విమానం ఎందుకెక్కించారా అని."

బెటాలియన్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ నేను కడపే. నా పని రేడియో. వీపు మీద సెట్టు, నెత్తిన నీలం హెల్మెట్, ఒంటి మీద నాపరాయంత బరువున్న జాకెట్. మేం పోయింది యుద్ధం చేయడానికి కాదు, చేయనివ్వకుండా కాయడానికి. ఎరిత్రియా, ఇథియోపియా సరిహద్దు కోసం కొట్టుకుని, అలిసి, కాల్పులు ఆపాయి. మధ్యలో నిలబడడానికి వేరే దేశాల సైనికులను పిలిపించారు. వాళ్లలో మేం ఒకళ్లం.

మా పోస్టు ఒక ఎండిన ఏటి గట్టు మీద. ఏరు వెడల్పు మా ఊరి దగ్గర పెన్నలో సగం ఉంటుంది. నీళ్ల సంగతి పెన్నలాగే. ఇసుక తప్ప ఏమీ లేదు. ఈ గట్టు మీద ఎరిత్రియా ఊరు. ఆ గట్టు మీద ఇథియోపియా ఊరు. రెండు ఊళ్లకూ ఒకటే భాష, ఒకటే దేవుడు. ఈ ఊరి పిల్లను ఆ ఊరికి ఇచ్చారు, ఆ ఊరి పిల్లను ఈ ఊరికి తెచ్చుకున్నారు. యుద్ధం మొదలైన నాటి నుంచి ఎవరూ ఏరు దాటలేదు.

మొదటిరోజే సుబేదార్ సాబ్ ఆర్డర్లు చదివారు. ఆయన మదురై వైపు మనిషి. మీసం కదలకుండా మాట్లాడేవారు. "ఏట్లోకి మనిషి దిగినా రిపోర్టు. మేక దిగినా రిపోర్టు. మందుపాతరలున్నాయి. తెల్లరాళ్లు పెట్టిన దారి తప్పి కాలు పెడితే, ఆ కాలు మీది కాదు."

తక్కిన జవాన్లకు ఈ గట్టు, ఆ గట్టు కథ అర్థం కావడానికి వారం పట్టింది. నాకు అవసరం లేకపోయింది. మా ఊళ్లో ఆ ఏటి పని ఒక సిమెంటు రోడ్డు చేసేది. ఈ పక్క ఒక పార్టీ, ఆ పక్క ఒక పార్టీ. ఎదురెదురుగా రెండు జెండా దిమ్మెలు. ఆ పక్క పెండ్లికి ఈ పక్కవాళ్లు పోరు. ఈ పక్క చావుకు ఆ పక్కవాళ్లు రారు.

డిసెంబరు ఇరవై నాలుగున పోస్టులో పెద్ద గొడవ జరిగింది. క్రిస్మస్ అంటే ఏమిటని.

వంటవాడు కేరళ క్రైస్తవుడు. కేకు లేనిదే పండగ కాదన్నాడు. నర్సింగ్ అసిస్టెంటు నాగాలాండ్ క్రైస్తవుడు. పంది కోయనిదే పండగేమిటన్నాడు. నేను మిషన్ కాలం నుంచి క్రైస్తవులైన ఇంట్లో పుట్టాను. అరిసెలు వండనిదే, ముంగిట్లో ముగ్గు వేయనిదే ఏసయ్య మా వీధికి రాడన్నాను.

"ముగ్గా? అది హిందువులది కదా," అన్నాడు వంటవాడు.

"ముంగిలి ఎవరిదైనా ముంగిలేగా!"

సుబేదార్ సాబ్ వచ్చి అరిసె ఎలా చేస్తారని అడిగారు. బియ్యప్పిండి, బెల్లం పాకం, నేతిలో వేసి వత్తాలి అన్నాను. "అది మా దీపావళి అధిరసం. నువ్వు దొంగిలించావు," అన్నారు. ఆయన మీసం కదలడం అప్పుడే చూశాను. ఆయనే దగ్గరుండి పాకం పట్టించారు. వంటవాడు ప్రెషర్ కుక్కర్‌లో కేకు వండాడు. పంది దొరకలేదు. మేకతో సర్దుకొమ్మంటే నాగా తమ్ముడు రెండు గంటలు అలిగి కూర్చున్నాడు. రంగు కాగితాలతో నక్షత్రం కట్టి జెనరేటర్ బల్బు పెట్టాం. రెండు ఊళ్లకూ కనబడి ఉంటుంది.

మర్నాడు మా దుబాసీకి పళ్లెం నిండా పెట్టి ఇచ్చాను. పేరు తెస్ఫాయ్. ఈ గట్టు ఊరివాడు, పల్లెబడి పంతులు. మాకు ఇంగ్లీషులో అన్నీ చెప్పేవాడు. కేకు చూశాడు, మాంసం చూశాడు, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఉపవాసం. నెలకు పైనే అయింది. మాంసం, పాలు, గుడ్డు ముట్టం."

"క్రిస్మస్ నాడు ఉపవాసమేంటి?"

"ఎవరు చెప్పారు క్రిస్మస్ అని? మీరు తొందరపడ్డారు. ఆయన ఇంకా పుట్టలేదు."

వాళ్ల పంచాంగం వేరట. వాళ్లకు పండగ జనవరి ఏడున. దాన్ని ల్దెత్ అంటారట. ఎగిరి గంతేశాను. రెండు వారాల్లో రెండు క్రిస్మస్‌లు! మా అమ్మకు తెలిస్తే అరిసెల బియ్యం రెండింతలు నానబెట్టేది.

ఆదివారం సుబేదార్ సాబ్‌ను అడిగి తెస్ఫాయ్ వెంట వాళ్ల చర్చికి పోయాను. రాతిగుడి. గుమ్మం బయట చెప్పులు గుట్టగా ఉన్నాయి. నేను బూట్లు విప్పబోతే తెస్ఫాయ్ ఆశ్చర్యపోయాడు. "ఇంతకు ముందు వచ్చిన తెల్లవాళ్లకు పదిసార్లు చెప్పాల్సి వచ్చేది. నీకెలా తెలుసు?" అన్నాడు. ఎలా తెలియకుండా ఉంటుంది? మా చర్చిలోనూ చెప్పులు బయటే. మగవాళ్లు ఈ పక్క, ఆడవాళ్లు ఆ పక్క. నాపరాళ్ల మీద చాపలు. ముసలమ్మలు నెత్తిన తెల్లచీర కొంగు. ఇక్కడా అంతే, చీర బదులు తెల్లటి శాలువ. మేం కూర్చుంటాం, వాళ్లు చేతికర్రల మీద ఆనుకుని నిలబడతారు. తర్వాత పెద్ద డోళ్లు మోగాయి. నా కాళ్లు వాటంతటవే ఆడాయి. మాకూ డోలక్కు, తాళాలు, తప్పెట లేనిదే కీర్తన లేవదు.

తప్పెట అనగానే మా ఏసురత్నం మామ గుర్తుకొచ్చాడు. మా అమ్మ తమ్ముడు. ఆయన సంగతి ముందుకు పోయాక చెప్తాను.

కొత్త సంవత్సరం వచ్చిన రెండో రోజు ఈ గట్టు ఊరి పెద్దాయన మా పోస్టు కమాండర్ మేజర్ సాబ్ దగ్గరికి వచ్చాడు. తెల్ల శాలువ, చేతిలో కొస వంగిన కర్ర. ల్దెత్ నాడు రెండు ఊళ్లవాళ్లు ఏట్లో ఒక ఆట ఆడేవాళ్లట. యుద్ధం వచ్చాక ఆగిపోయింది. ఈ ఏడు ఆడాలని ఉంది, మీరు ఆడనివ్వాలి అన్నాడు.

మేజర్ సాబ్ నవ్వారు. "ఏట్లోనా? రెండు సైన్యాల ముందా? ఏం ఆట అది?"

వంకర కర్రలతో తోలు బంతిని కొట్టి, అవతలివాళ్ల గీత దాటించాలని తెస్ఫాయ్ చెప్పాడు. ఆట పేరు ఖర్సా అన్నట్టు నా చెవికి వినబడింది.

"హాకీ!" అన్నారు మేజర్ సాబ్.

"హాకీ ఏమిటో నాకు తెలియదు. ఇది మా తాతల ఆట," అన్నాడు పెద్దాయన.

మేజర్ సాబ్ కాలేజీలో హాకీ ఆడిన మనిషి. కర్ర అందుకున్నారు. తిప్పి చూశారు. గాల్లో ఒకసారి ఊపారు. సగం పని అయిపోయిందని నాకప్పుడే తెలిసిపోయింది.

మిగతా సగం రేడియోలో జరిగింది. నాలుగు రోజులు సెట్టు వదల్లేదు. మా పైవాళ్లు రెండు సైన్యాలనూ అడిగారు. ఈ గట్టు వాళ్లు త్వరగానే ఒప్పుకున్నారు. ఆ గట్టు నుంచి ఒకటే మాట, పరిశీలిస్తున్నాం. ఆలోగా మందుపాతరలు తీసే దళం వచ్చి ఇసుక అంతా జల్లెడ పట్టింది. మా వైపు గట్టు కింద రెండు దొరికాయి. ఆ రెండింటి మధ్య మేకల అడుగులు ఎన్నో ఉన్నాయి. అది చూసి నర్సింగ్ అసిస్టెంటు సిలువ గుర్తు వేసుకున్నాడు.

జనవరి ఆరు, మధ్యాహ్నం మూడున్నర. హెడ్‌ఫోన్‌లో గొంతు వచ్చింది. "ఒప్పుకున్నారు. పది నుంచి రెండు వరకు. ఆయుధాలు గట్టు మీదే. ఇసుక దాటకూడదు." మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పారు. తీగ ఊడదీసుకుని మేజర్ సాబ్ గుడారానికి పరుగెత్తాను. ఆ గాలిలో పరుగెత్తకూడదు. చేరాక ఆయాసంతో వంగిపోయాను. నా ముఖం చూసే ఆయనకు అర్థమైంది.

ఏడో తేదీ పది కాకముందే రెండు గట్లూ తెల్లబడ్డాయి. అన్నీ శాలువలే. మనుషులు పరుగెత్తుకు రాలేదు, మెల్లగా దిగారు. ఇసుకలోకి వచ్చి అటు కొందరు, ఇటు కొందరు ఆగిపోయారు. మధ్యలో సుబేదార్ సాబ్, నోట్లో విజిల్. ఆయన వెనక నేను, సెట్టుతో. పక్కన తెస్ఫాయ్. విజిల్ మోగింది. బంతి లేచింది.

ఎట్లా చెప్పేది మీకు! వందమంది ఒకవైపు, వందమంది ఒకవైపు. కొలతల్లేవు, చొక్కా రంగుల్లేవు. ఎవరు ఎటువైపో వాళ్లకే తెలుసు. కర్రలు ఠంగుఠంగుమంటున్నాయి. ఇసుక పొగలా లేచింది. ముసలివాళ్లు కూడా శాలువ నడుముకు కట్టుకుని దూకారు. సుబేదార్ సాబ్ విజిల్ ఎవరూ వినలేదు. ఆయనా కాసేపటికి మానుకుని బంతి వెంట పరుగెత్తారు. గట్టు మీద మేజర్ సాబ్ "పాస్ ఇవ్వండి, పాస్!" అని అరుస్తున్నారు, హిందీలో.

మా గట్టువాళ్లు మొదటిసారి గీత దాటించారు. అప్పుడు డోళ్లు మోగాయి. ఒక పళ్లూడిన తాత ముందుకొచ్చి పాట ఎత్తుకున్నాడు. ఆయన ఒక చరణం, జనం ఒక కేక. అవతలివాళ్లను వెక్కిరిస్తున్నారని గొంతును బట్టే తెలిసింది. తెస్ఫాయ్ పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పాడు, "మీ జొన్నసారాలో నీళ్లెక్కువ, అందుకే మీ కాళ్లలో బలం తక్కువ, అంటున్నాడు."

తాత అంతటితో ఆగలేదు. ఆ గట్టు మీద ఇథియోపియా కెప్టెన్ నిలబడి ఉన్నాడు. లావుపాటి మనిషి, నడుముకు పిస్తోలు. తాత కర్ర అటు చూపించాడు. జనం ఒక్కసారిగా గొల్లున నవ్వారు.

"ఏమన్నాడు?"

"కెప్టెన్ పొట్ట అప్పుడే ఏరు దాటింది, కెప్టెన్ మాత్రం ఇంకా ఆ గట్టునే ఉన్నాడు, అన్నాడు."

నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు మామ సంగతి చెప్పాలి. మా ఊళ్లో పీర్ల పండగ పేరుకే సాయిబులది. నిప్పుల గుండానికి కట్టెలు మా మిషన్ వీధి నుంచి కూడా పోయేవి. పీరును ఎత్తేవాళ్లలో బోయలుండేవాళ్లు. తప్పెట మా ఏసురత్నం మామది. మామ బేల్దారి. గోడ కట్టినా, దరువు వేసినా ఆయన చేయే చేయి. హాస్యం ఎక్కువ. ఒక ఏడు వేషం కట్టి, రోడ్డుకు ఆ పక్క పార్టీ పెద్దాయన నడక నడిచి చూపించాడు. పెద్దాయన ఒక కాలు కొంచెం ఈడ్చేవాడు. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాడు పొద్దున మామ పనికి పోతుంటే దిబ్బ చాటు నుంచి బాంబు వేశారు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో కుడిచేయి మణికట్టు దాకా తీసేశారు. మామకు ఏ పార్టీ లేదు. ఒక నవ్వు నవ్వించాడు, అంతే. తర్వాత తొండూరు పక్క మా అత్త పుట్టింట్లో చాలా ఏండ్లు తలదాచుకున్నాడు.

అందుకే ఆ ఏట్లో నాకు నవ్వు రాలేదు. పండగ నాడు పెద్దమనిషిని వెక్కిరిస్తే ఏమవుతుందో నా కళ్లతో చూశాను. ఆ గట్టు మీద సైనికులు కూర్చున్నవాళ్లు లేచారు. సెట్టులో మా పరిశీలన పోస్టు నుంచి గొంతు: "అవతల కదలిక ఉంది. ఏం జరుగుతోంది? ఓవర్." ఏం చెప్పాలి? సుబేదార్ సాబ్ విజిల్ నోట్లో పెట్టుకున్నారు. ఆట ఆపి అందరినీ గట్లెక్కించాలని ఆయన చూపు చెప్తోంది. ఆ విజిల్ ఊదితే మళ్లీ ఎన్నేళ్లకో.

"ఆగండి," అన్నాడు తెస్ఫాయ్. "భయపడకండి. ఈ ఆటలో దొరకు కోపం రాకూడదు. అది ఆచారం. కోపం తెచ్చుకున్న దొర దొర కాడు."

"ఆచారం మీకు తెలుసు. తుపాకికి తెలుసా?" అన్నాను.

కెప్టెన్ నడుము పట్టీ విప్పాడు. పిస్తోలుతో సహా పక్కవాడికి ఇచ్చాడు. గట్టు దిగాడు. జనం రెండు పాయలుగా విడిపోయారు. తిన్నగా తాత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరి మధ్య జానెడు. అది కూడా ఆ పొట్టే ఆపింది.

కెప్టెన్ చేతులు చాచి, గొంతెత్తి ఒక చరణం పాడాడు. మంచి గొంతు. ఆ గట్టు మొత్తం కేక పెట్టింది. తర్వాత ఈ గట్టు కూడా. తాత ఇసుకలో కూలబడి నవ్వాడు. నేను తెస్ఫాయ్ భుజం పట్టి ఊపేశాను. "ఏమన్నాడు? చెప్పవయ్యా!"

"నా పొట్ట ముందే దాటింది, ఎందుకంటే మా మేనత్త ఈ గట్టునే ఉంది, ఆమె చేతి కూర వాసన దానికి తెలుసు, అన్నాడు."

సెట్టు నొక్కాను. "అవతలి కెప్టెన్ పాట పాడుతున్నాడు. ఓవర్."

"మళ్లీ చెప్పండి. ఓవర్."

"పాట. పండగ పాట. అందరూ క్షేమం. ఓవర్."

ఆ తర్వాత ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తులేదు. కెప్టెన్ కర్ర తీసుకుని బంతిని కొట్టబోయి ఇసుకను కొట్టాడు, దానికి ఇంకో పాట కట్టారు. ఆడవాళ్లు బుట్టలు దించారు. మన దోసెకు నాలుగింతలుండే పుల్లటి రొట్టె ఇంజెరా, దాని మీద ఎర్రగా కోడికూర. అందరూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టారు. ముద్ద చేసి పక్కవాడి నోట్లో పెట్టడం వాళ్ల మర్యాద. నా నోట్లో ఎందరు పెట్టారో. కారం చూసి తమిళుడైన సుబేదార్ సాబ్‌కే కళ్లలో నీళ్లొచ్చాయి. నాకు ఇంట్లో తిన్నట్టుంది. వంటవాడు అరిసెల డబ్బా తెచ్చాడు. ఉపవాసం ముగిసింది కాబట్టి తెస్ఫాయ్ మొదటిసారి కొరికాడు. కళ్లు మూసుకుని నమిలాడు.

"ఇప్పుడు పుట్టాడు," అన్నాడు.

మరుసటి డిసెంబరుకు దేశానికి తిరిగొచ్చాను. ముద్దనూరు స్టేషన్లో దిగి, జమ్మలమడుగు బస్సెక్కి, చలిలో తెల్లవారుతుండగా ఊరు చేరాను. సిమెంటు రోడ్డు అట్లే ఉంది. దిమ్మెలు అట్లే ఉన్నాయి. మామ మాత్రం తొండూరు నుంచి తిరిగొచ్చి మా వీధిలోనే ఉన్నాడు. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం చర్చి అరుగు మీద ఆయనకు ఏటి కథంతా చెప్పాను. మామ మొండిచేయి తుండుగుడ్డలో చుట్టుకుని విన్నాడు.

"ఆ దొరకు నిజంగా కోపం రాల్యా?"

"రాల్యా మామా. నవ్వినాడు. ఎదురు పాట గూడా పాడినాడు."

"అంతమందిలో నిలబడుకోనే?"

"అంతమందిలోనే."

మామ రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "అట్లాంటి దొర మనకూ ఒగడు ఉండుంటే బాగుండుర్యా. ఏదీ, ఆ పాట ఇంగొకసారి జెప్పు."

నాకు వాళ్ల భాష రాదు. పొట్ట ఏరు దాటిన మాటను తెలుగులో వంకరటింకరగా పాడాను. మామ నవ్వాడు. బాంబు పడ్డాక ఆయన నోరు తెరిచి నవ్వడం నేను చూడటం అదే మొదలు. లేచి లోపలికి పోయి తప్పెట తెచ్చాడు. పెద్ద పుల్ల ఎడమచేతికి మార్చుకున్నాడు. చిన్న పుల్ల పట్టాల్సిన చోట మొండిచేత్తోనే కొట్టాడు. దరువు మునుపటిలా లేదు. కొంచెం ఈడ్చింది. అయినా దరువే. పిల్లలు మూగారు, ఆడవాళ్లు వచ్చారు, కీర్తన లేచింది.

ఆ ఏడు మా పాటల మేళం రోడ్డు దాటిందని అబద్ధం చెప్పను. రోడ్డు దాకా పోయి ఆగింది. ఆ పక్క అరుగుల మీద జనం కూర్చుని చూస్తున్నారు. మేం వెనక్కి తిరుగుతుంటే అటునుంచి ఒక గొంతు వచ్చింది.

"ఏసురత్నమా! ఏందప్పా అంత మెల్లగా కొడతాండావు? గట్టిగా కొట్టు, ఈడికి ఇనపల్యా!"

ఎవరో చీకట్లో కనబడలేదు. మామ నా ముఖం చూశాడు. తర్వాత ఆ రాత్రి మోగిన తప్పెటను మా వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో ఒక బ్యాంకు గేటు దగ్గర డ్యూటీ చేస్తాను. క్యూలో నిలబడినవాళ్లు అడుగుతుంటారు, "ఫారిన్ పోయొచ్చినావంట గదప్పా, ఏం జూసినావు?" పొట్ట పాట చెప్తాను. నవ్వుతారు. ఒక్కటి మాత్రం వాళ్లకు చెప్పను.

ఆ రోజు ఆట జరిగినంతసేపూ, గోల కంటే దూరంగా, ఇసుకలో ఇద్దరు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. అక్కాచెల్లెళ్లట. చెరో గట్టుకు కోడళ్లు. అక్క చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుని, ఆ దేశపు పద్ధతిలో సన్నసన్నని జడలు అల్లుతోంది. ఒక్కో జడ దారమంత. రెండింటికి సుబేదార్ సాబ్ విజిల్ ఊదారు. తల సగమే అయింది. అక్క వేళ్లు ఇంకా అల్లుతూనే ఉన్నాయి. సుబేదార్ సాబ్ వాళ్ల దగ్గరికి పోయి, రెండోసారి ఊదబోయి, విజిల్ జేబులో పెట్టుకున్నారు. చివరకు చెల్లెలే లేచింది. శాలువ కప్పుకోలేదు. అక్కను చూస్తూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ తన గట్టు ఎక్కింది. తలకు ఒక పక్క నున్నటి జడలు. రెండో పక్క, అల్లని తెల్లజుట్టు, గాలికి ఎగురుతూ.